ఐగుల్ ఫోనుకు వినిపించిన అండమాన్

విజయనగరంలో మాది స్టీలు సామాన్ల కొట్టు. గిన్నెని వేలితో కొట్టి, ఆ మోత విని మందం చెప్పడం నాకు అక్షరాలకంటే ముందే వచ్చింది. బేరం ఆడకుండా కొన్న వస్తువు ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు. అందుకే విశాఖలో అండమాన్ ఓడ టికెట్ కౌంటరు దగ్గర నిలబడి, కిటికీలోంచి అలవాటుగా అడిగేశాను.

"బంకు క్లాసే కదా బాబూ, ఏమైనా చూసి ఇవ్వకూడదా?"

గుమస్తా తలెత్తి నా వంక జాలిగా చూశాడు. "అమ్మా, ఇది ఓడ" అన్నాడు.

చెప్పిన ధరకే కొన్నాను. నా ప్రయాణం ఓటమితో మొదలైంది.

అసలు ఎందుకు బయలుదేరానంటే పెద్ద కారణం లేదు. కొట్టు తమ్ముడు చూసుకుంటున్నాడు. మోకాళ్ళు ఇంకా నా మాట వింటున్నాయి. అవి ఎదురు తిరిగేలోపు నాలుగు వైపులా నీళ్ళే ఉండే చోటు చూడాలనిపించింది. సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా బజారంతా నన్ను ఒకటే ప్రశ్న అడిగింది. "ఒక్కదానివే వెళ్తున్నావు, భయం లేదా?" తూకాల కొట్టాయన అడిగాడు, పూలమ్మి అడిగింది, ముప్పై ఏళ్ళుగా నాకు పాత బాకీ ఎగ్గొడుతూ వస్తున్న హోటలాయన కూడా అడిగాడు. ఆ మాటను అప్పుడు అంతగా పట్టించుకోలేదు. తర్వాత అదే మాట నా వెనకాలే సముద్రం దాటి వస్తుందని నాకేం తెలుసు.

ఓడ సాయంత్రం కదిలింది. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట: బంకు క్లాసులో పరుపు ఉంటుంది, దుప్పటి మాత్రం మనది ఉంటే మంచిది. క్యాంటీన్‌లో అన్నం, పప్పు, కూర వేళకు పెడతారు, వేళ దాటితే పెట్టరు. ఊరగాయ సీసా ఒకటి తీసుకెళ్ళండి, ఓడలో సగం మంది మీకు చుట్టాలైపోతారు. నాకు అలాగే గంగమ్మ చుట్టమైంది. భీమిలి దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక పోర్ట్‌బ్లెయిర్‌లో చేపల వ్యాపారంలో స్థిరపడిన మనిషి. మామిడికాయ ముక్క చప్పరిస్తూ నా ముఖంలోకి చూసి నవ్వింది.

"ఏటక్కా, సముద్రం సూసి అలా ఐపోనావు? ఇది కదల్దు. మనమే కదుల్తాం. అలా అనుకుంటే కడుపులో తిప్పదు."

నిజంగానే తిప్పలేదు. రెండో రోజు మధ్యాహ్నం డెక్ మీద కూర్చున్నాను. ఒడ్డు లేదు, పక్షి లేదు. నీళ్ళు నీలం నుంచి నలుపుకు, నలుపు నుంచి ఏదో ఇంకా పేరు పెట్టని రంగుకు మారుతున్నాయి. ఎండ కూడా తడిసినట్టు మెత్తగా ఉంది. నేను నిద్రపోయానో, మేలుకునే ఉన్నానో తెలియలేదు. జీవితంలో మొదటిసారి చుట్టూ అమ్మేది గానీ కొనేది గానీ ఏదీ లేదు. ఆ ఖాళీలో నా చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్ళో పడుకున్నాయి.

దిగే ముందు గంగమ్మ చెప్పింది. "డైరీ ఫార్మ్‌లో మా కొండమ్మ ఇల్లుంది. రెండు గదులు అద్దెకిస్తాది. ఆళ్ళాయన అప్పలరాజుకి ఆటో ఉంది. నా పేరు సెప్పు."

ఓడ తెల్లవారుతుండగా రేవులో ఆగింది. టికెట్ మీద ఊరికి కొత్త పేరు ఉంది కానీ దిగుతున్న వాళ్ళ నోళ్ళలో ఇంకా పోర్ట్‌బ్లెయిరే. రేవు దగ్గరవగానే గంగమ్మ ఫోన్ చేసిందట, అప్పలరాజు గేటు బయట ఎదురు చూస్తున్నాడు. తాతల కాలంలోనే ఇక్కడికొచ్చిన కుటుంబం. తెలుగు మన కళింగాంధ్ర తెలుగే. దాని మీద హిందీ ధారాళంగా ఒలికింది.

"దీదీ, సామాన్ ఇలాగివ్వండి. అరే భయ్యా, జరా హట్నా! దీదీ వొచ్చీసారు, కనపడ్డం లేదేటి?"

ఆటో చార్జీ అడిగాను. చెప్పాడు. తగ్గించమన్నాను. "మీటరున్నాది దీదీ, మీటరుతో మాటాడండి" అన్నాడు. డైరీ ఫార్మ్‌లో కొండమ్మతో గది అద్దె గురించి మాట్లాడబోతే ఆవిడ చీపురు పక్కన పెట్టి, "అక్కా, ముందు టీ తాగు. ఇది కొట్టు కాదు, ఇల్లు" అంది. మూడో ఓటమి. టీ మాత్రం బాగుంది.

ఆ టీ బల్ల దగ్గరే ఐగుల్‌ని చూశాను.

కజకిస్తాన్ నుంచి వచ్చింది. నా వయసే ఉంటుంది, నాకంటే ఒక అడ్డెడు లావు. తలకు పూల గుడ్డ కట్టుకుని, ముందు ఫోను నిలబెట్టుకుని కూర్చుంది. ఆమె తన భాషలో ఏదో అంది. ఒక క్షణం ఆగి ఫోను, రేడియోలో వార్తలు చదివినట్టు, పలికింది.

"మీరు ఓడలో వచ్చారా? మీరు ధైర్యవంతురాలు."

కొండమ్మ గర్వంగా నవ్వింది. "మొదటి రోజే అడిగింది, మీది ఏ భాషని. మాది తెలుగే అని సెప్పి, నేనే ఫోన్‌లో తెలుగు పెట్టీసాను. అప్పట్నించి రోజంతా అది మా మాటలు వింటానే ఉంటాది."

ఫోను సాయంతో ఆమె కథ కొద్దికొద్దిగా తెలిసింది. వచ్చే నెల పోర్ట్‌బ్లెయిర్‌లో విదేశాల పిల్లల సైకిలు పందెం ఉంది. ఐగుల్ మనవరాలు మదీనా అందులో తొక్కుతుంది. ఆ పిల్లకు దేశం బయట ఇదే మొదటి పందెం. వాళ్ళ ఊళ్ళో సైకిలు అభిమానుల గుంపు ఒకటుంది. పిల్లలు ఎక్కడ తొక్కితే అక్కడికి డప్పుతో వెళ్ళేవాళ్ళు. మునుపు ఒక దేశంలో ఆట ముగిసి జనం ఒక్కసారిగా గేటు మీద పడ్డారు. ఆ తొక్కిడిలో ఐగుల్ చెల్లెలి చేయి విరిగింది. ఆ రోజు నుంచి గుంపు ఒక నియమం పెట్టుకుంది. ఎవరో ఒకరు ముందు వెళ్ళి ఊరు చూసి రావాలి. వాళ్ళు బాగుందంటేనే మిగతావాళ్ళు టికెట్లు కొంటారు. ఈసారి ఆ ఒక్కరు ఐగుల్. నాలుగు రోజులుగా ప్రతి సాయంత్రం వాళ్ళకు కబురు పంపుతోంది. ఆఖరి మాట ఇంకా చెప్పలేదు.

"నేను వద్దంటే ఎవరూ రారు" అంది ఫోను, ఏ భావమూ లేకుండా. "మదీనా ఒంటరిగా తొక్కుతుంది."

ఆ పూటే ఇద్దరం అబర్డీన్ బజారుకు వెళ్ళాం. అక్కడ నాకు ఒక సోదరి దొరికిందని తెలిసింది. ఐగుల్ వాళ్ళ ఊళ్ళో సంతలో ఉన్ని మేజోళ్ళు అమ్మేదట. ముత్యాల దండల కొట్టులో నేను ధర విని నవ్వాను, ఆమె ధర విని గుండె పట్టుకుంది. నేను బయటికి నడిచాను, ఆమె లోపలే ఉండి నిట్టూర్చింది. ముందుగా మాట్లాడుకున్నది ఏదీ లేదు. కొట్టతను అటూ ఇటూ చూసి చేతులెత్తేశాడు. "లాస్ట్ ప్రైస్" అని మా ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు ఒకేసారి పలికింది. రెండు దండలు కొన్నాం. ఒకటి మదీనాకు.

అక్కడి నుంచి పందెం జరిగే సైకిలు మైదానానికి వెళ్ళాం. పందెం లేని రోజు కాబట్టి ఖాళీగా ఉంది. వంపు తిరిగిన చోట్ల దారి గోడలా పైకి లేచి, మధ్యాహ్నపు వెలుగులో పెద్ద గిన్నె లోపలిలా మెరిసింది. వేలితో కొట్టి చూడాలనిపించింది. ఐగుల్ మెట్లెక్కి ఒంటరిగా కూర్చుంది. కళ్ళు మూసుకుని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. మెల్లగా, ఆపైన వేగంగా, ఎవరో ఆ వంపు మీదుగా దూసుకొస్తున్నట్టు. ఎదుటి గోడ ఆ చప్పట్లను తిరిగి పంపింది. లేని సైకిలు ఒకటి నా ముందు నుంచి గాలిలా వెళ్ళిపోయినట్టు అనిపించి, నేనూ తల తిప్పి చూశాను.

"ఒక్క మనిషి చప్పట్లు సరిపోవు" అంది ఫోను.

తిరుగు దారిలో ఆటోలో ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. "ఇక్కడి ప్రజలు దేనికి భయపడతారు?"

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. సరుకులో చిన్న లోపం మనమే ముందు చెప్పేస్తే కొనేవాడికి నమ్మకం కుదురుతుంది. అలాగే నమ్మకం కుదుర్చుదామని సునామీ గురించి చెప్పాను. భూకంపాలు చెప్పాను. అప్పలరాజు వెనక్కి తిరగకుండానే మొసళ్ళు అందించాడు, అవీ కలిపాను. ఐగుల్ నిదానంగా తలూపింది. నా అమ్మకం బాగా జరిగిందనుకున్నాను.

అండమాన్‌లో సాయంత్రం తొందరగా వస్తుంది. మన దగ్గర టీకి లేచే వేళకు ఇక్కడ దీపాలు పెడతారు. ఆ మసక వెలుతురులో కొండమ్మ చేపలమ్మే అతన్ని పిలిచింది. పక్కింటాయన మేస్త్రీని పిలిచాడు. అప్పలరాజు గుమ్మంలో నిలబడి వండూర్‌లో ఉన్న పడవాయనతో ఫోన్లో మాట్లాడాడు.

"అరే భయ్యా, రేప్పొద్దున్న ముసలమ్మని తెస్తాను. పడవ రెడీగా ఉంచు. మంచి వంజరం దాచు. ఎవరికీ సెప్పకు, మళ్ళీ ఆటోవాళ్ళందరూ ఎగబడతారు."

ఐగుల్ బల్ల మీది ఫోను వంక చూస్తూ ఉంది. తర్వాత దాన్ని గుండెకు ఆనించుకుని గదిలోకి వెళ్ళిపోయింది. అలసిపోయిందనుకున్నాం.

మర్నాడు ఆరు దాటాక బయలుదేరాం. వండూర్ దాకా ఆటోలో సుమారు గంట. బస్సు కూడా ఉంది, చాలా చవక. నేను బస్సే అన్నాను కానీ అప్పలరాజు, "నా గెస్టుల్ని బస్సెక్కిస్తే కొండమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు. దారి పొడుగునా పోకచెట్లు, వాటి మధ్య పొగమంచు. ఎక్కడో కోడి కూసింది, ఎక్కడో సముద్రం ఉందని గాలి చెబుతోంది. ఐగుల్ నా చేయి పట్టుకుని కూర్చుంది. రాత్రి గుంపుకు కబురు పంపావా అని అడిగాను. ఈ రోజే ఆఖరి మాట చెప్పాలని, టికెట్లకు ఇక వ్యవధి లేదని ఫోను చెప్పింది.

వండూర్‌లో ఒడ్డు దగ్గర మొసలి బొమ్మతో పెద్ద బోర్డు ఉంది. స్నానానికి వల కట్టిన చోటు తప్ప దిగవద్దని రాశారు. ఐగుల్ ఆ బోర్డు చూసి చలించలేదు. కానీ జెట్టీ దగ్గర పడవాయన నవ్వుతూ చెయ్యి ఊపగానే ఆటో కమ్మీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"దిగండి మేడమ్, పడవ తయ్యార్" అన్నాడు అప్పలరాజు.

దిగలేదు. బతిమాలాను. దిగలేదు. పడవ బాడుగ ఎక్కువనుకుందేమో, నాకు తెలిసిన వైద్యం అదొక్కటే కాబట్టి, పడవాయనతో బేరం మొదలుపెట్టాను. ఐగుల్ ఆటోలోంచే నా భుజం పట్టి వెనక్కి లాగి, ఫోను ముందుకు చాచి, ఒక మీట నొక్కింది. నిన్న సాయంత్రం ఆమె భాషలో దాచుకున్న మాటలను ఫోను తిరిగి తెలుగులోకి మార్చి, తన వార్తల గొంతుతో చదివింది.

"భయం. రేపు ఉదయం వృద్ధ స్త్రీని తీసుకువస్తాను. పడవను సిద్ధంగా ఉంచు. మంచి పంజరం దాచు. ఎవరికీ చెప్పకు."

అప్పలరాజు ముఖం నల్లబడింది.

"నానేటి దొంగనా దీదీ?" అన్నాడు మెల్లగా. "నా ఆటో ఎక్కిన మనిషిని బోనులో పెడతానా? ఆవిడ మనవరాలి పందెం కోసరం నా పిల్లలు కూడా జెండాలు కుట్టుకుంటన్నారు."

"పంజరం కాదు, వంజరం. చేప!" అని నేను ఫోనులోకి అరిచాను. ఫోను దాన్ని ఏమని మార్చిందో తెలియదు, ఐగుల్ ఇంకా కాస్త వెనక్కి జరిగింది. ఆమె మళ్ళీ మాట్లాడింది. ఫోను చదివింది.

"వచ్చినప్పటి నుంచి అందరూ భయం అంటున్నారు. బజారులో. వీధిలో. ఇంట్లో. భయం, ఇటు రా. భయం, డబ్బు ఇవ్వు. మీరు మాత్రం మొసలి అన్నారు. ఏం దాస్తున్నారు?"

సరిగ్గా అప్పుడు టీ బడ్డీలోంచి ఎవరో ఆవిడ గట్టిగా కేక వేసింది.

"భయ్యా, చాయ్ రెడీ!"

మీట ఇంకా వదల్లేదేమో, ఐగుల్ చేతిలోని ఫోను వెలిగి, విన్నదాన్ని మళ్ళీ తెలుగులోకే తిప్పింది. "భయం, టీ సిద్ధం" అంది.

పడవలోంచి ఇంకొకడు, "అరే భయ్యా, తాడు పట్టు!" అన్నాడు.

"ఓ భయం, తాడు పట్టుకో" అంది ఫోను.

నేను అప్పలరాజు వంక చూశాను. అతను నా వంక చూశాడు. తర్వాత అతను జెట్టీ మీద అలాగే చతికిలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"భయ్యా! దీదీ, భయ్యానంటే భయమనుకుంటన్నాది ఆ డబ్బా! ఇక్కడ భయ్యా అనకపోతే ఎవడు పలుకుతాడు? పేరెట్టి పిలిస్తే పోలీసోడనుకుంటాడు!"

కొండమ్మ నిజమే చెప్పింది, వాళ్ళది తెలుగే. ఆ తెలుగులో సగం మాటలు హిందీవని ఆవిడకే తోచదు. పుట్టినప్పటి నుంచీ అలాగే మాట్లాడుతున్న మనిషికి ఎలా తోస్తుంది? ఫోనుకు మాత్రం తెలుగు తప్ప వేరే మాట వినొద్దని చెప్పారు. అందుకే దానికి భయ్యా కూడా భయంలాగే వినిపించాడు.

టీ గ్లాసు తెచ్చి ఐగుల్ చేతిలో పెట్టి, అప్పలరాజును చూపించి "భయ్యా" అన్నాను. నా గుండె మీద చేయి వేసుకుని, "తోడబుట్టినవాడు" అని ఫోనుకు శుద్ధమైన తెలుగులో, బడిపంతులులా విడమరిచి చెప్పాను. ఫోను కాసేపు ఆలోచించి ఆమె భాషలో ఒక మాట అంది. ఐగుల్ ముఖంలో ఆ మాట నెమ్మదిగా, మైదానం మీద వెలుగు జరిగినట్టు జరిగింది. పడవాయనను చూపించి అడిగింది: "భయ్యా?" అవునన్నాను. తాడు పట్టినవాణ్ణి చూపించింది. అవునన్నాను. బడ్డీలో ఆవిడ్ని చూపించింది. "ఆవిడ దీదీ" అన్నాను. అప్పుడామె ఆటో దిగి, జెట్టీ మధ్యకు నడిచి, ఉన్ని మేజోళ్ళు అమ్మిన గొంతుతో ఎలుగెత్తి పిలిచింది.

"భయ్యా!"

జెట్టీ మీదా పడవల్లోనూ ఉన్న మగాళ్ళందరూ ఒక్కసారిగా తలెత్తి, "ఆఁ!" అన్నారు.

మళ్ళీ పిలిచింది. మళ్ళీ పలికారు. ఈసారి నాకు ఫోనిచ్చి వీడియో తీయమంది. ఆ తర్వాత మేం పడవెక్కాం. మడ చెట్ల నీడలు నీళ్ళలో నిలువుగా దిగి ఉన్నాయి. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే పడవ నీడ అడుగున ఇసుక మీద వేరే ఇంకో పడవలా పాకుతోంది. ఐగుల్ అంచుకు చెంప ఆనించి నిద్రపోయింది. నాలుగు రోజులుగా నిద్రపోలేదట. చేప ఒడ్డు మీదే వేయించి పెట్టారు. వంజరమే.

కానీ పని పూర్తి కాలేదు. రోజూ సాయంత్రం ఆమె ఫోనులో రాసుకున్న మాటలన్నీ గుంపుకు పంపేసింది. భయం, ఇటు రా. భయం, డబ్బు ఇవ్వు. రాత్రి పంపిన పంజరం కూడా. వాళ్ళలో కొందరు అప్పుడే మానుకున్నామని చెప్పేశారు. ఇంటికి తిరిగొచ్చాక ఆమె వీడియో పంపి, పక్కన చాలాసేపు ఏదో చెప్పింది. ఆ చెప్పడంలో చేతులు కూడా ఆడించింది, అవతలివాళ్ళు చూడకపోయినా. జవాబు రాలేదు. మా కొట్టు గోడ మీద, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బోర్డు ఉంటుంది. భయానికి కూడా అదే బోర్డు ఉందేమోనని ఆ సాయంత్రం దిగులేసింది. కొండమ్మ ఫోను తీసుకుని తెలుగు తీసేసి హిందీ పెట్టబోయింది. ఐగుల్ ఆమె చేయి పట్టుకుని వద్దంది. అలాగే ఉండనిమ్మంది.

మర్నాడు మధ్యాహ్నం చెన్నై ఓడకు నా టికెట్. అక్కడి నుంచి రైల్లో విజయనగరం. బయలుదేరేటప్పుడు గది అద్దె ఇస్తే కొండమ్మ లెక్క చూడకుండానే కొంత వెనక్కి ఇచ్చింది. "పోనీలే అక్కా, పాపం ఆశపడ్డావు కదా" అంది. అడగకుండా దొరికిన తగ్గింపు పుచ్చుకోవడం నాకు రాదు. ఆ నోట్లు వాళ్ళ పిల్లల చేతిలో పెట్టాను. జెండాల గుడ్డకు. ఐగుల్ నన్ను గట్టిగా కావలించుకుని ఏదో అంది. ఫోను లోపలే ఉండిపోయింది, కాబట్టి ఏమందో నాకు పూర్తిగా తెలిసింది.

ఓడ కదిలి, రేవు వెనక్కి జరిగింది. దీపస్తంభం, కొండ, కొబ్బరి తోపు, అన్నీ ఒకదాని వెనక ఒకటి నిద్రలోకి జారినట్టు మసకలోకి జారాయి. ఫోనులో సిగ్నలు గీతలు తగ్గుతున్నాయి. ఆఖరి గీత ఉందా లేదా అని చూస్తుండగా ఫోను కిణుక్కుమంది. ఐగుల్ నుంచి. తెలుగులోనే, ఆ వార్తల తెలుగులో రాసి ఉంది.

"భయం, మేము వస్తున్నాము. పదహారు మంది. డప్పు కూడా. మదీనా ఏడ్చింది, తర్వాత నవ్వింది."

అప్పలరాజుకు పంపిన కబురే నాకూ పంపిందో, లేక నన్ను కూడా భయ్యాను చేసేసిందో. ఏమైతేనేం, ఆ ఓడ మీద ఒక్కదాన్నే పెద్దగా నవ్వాను. సిగ్నలు పోయింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు చివరగా చెబుతున్నాను. ఏ భయమూ లేని చోటని నేను అనను. వండూర్ బోర్డు మీది మొసలి నిజం, వల దాటకండి. ఆటో మీటరుతో బేరం కుదరదు. ఇంటికెళ్ళాక మా బజారు మళ్ళీ అడుగుతుంది, భయం లేదా అని. ఎందుకు లేదు, అడుగడుగునా ఉన్నాడు, పిలవగానే పలికాడు అని చెబుతాను. హోటలాయనకు అర్థం కాదు.

సూర్యుడు నీళ్ళలోకి దిగుతుంటే డెక్ మీద ఓడ పనివాడు ఒకడు బకెట్ పట్టుకుని ఎవరినో వెతుకుతున్నాడు. "భయ్యా!" అని పిలిచాడు. నేను వెనక్కి తిరిగి, "ఆఁ" అన్నాను.